తాతయ్య కత్తెర, తలంబ్రాల కంచె

ఎండాకాలం సెలవుల్లో మేం చేసిన తాటాకు బొమ్మల పెళ్ళిళ్ళన్నింటికీ తలంబ్రాలు లాకు బంగళా కంచె మీదివే. లాకు అంటే పడవలు దాటడానికి కాలవకి కట్టిన నీటి తలుపులు. తాటాకు చీల్చి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ అమ్మమ్మ చేసిచ్చేది. పట్టుగుడ్డ పీలికలు టైలరు కొట్టు ముందు ఏరుకొచ్చేవాళ్ళం. కొబ్బరాకు బూర ఊదడం మా తమ్ముడి వంతు. లక్కపిడతల్లో అటుకులూ బెల్లమూ పెళ్ళి భోజనం. తలంబ్రాల వేళయ్యేసరికి నేనూ మా పెద్దమ్మ కూతురూ కాలవ గట్టు మీద ఒకటే పరుగు. బంగళా చుట్టూ కంచె నిండా గుత్తులే. ఒక్కో గుత్తీ అప్పటి రూపాయి బిళ్ళంత. నడుమ పసుపు, అంచుల్లో ఎరుపు. వేళ్ళతో ఇలా నిమిరితే చాలు, చిట్టి పూలు గింజల్లా దోసిట్లో రాలేవి. పసుపువి ఒక ఆకులోనూ ఎరుపువి ఇంకో ఆకులోనూ పోసి, తర్వాత రెండూ కలిపేవాళ్ళం. అచ్చం పసుపూ కుంకుమా కలిపిన బియ్యంలా ఉండేవి.

అందుకే మాకది తలంబ్రాల చెట్టు. దానికి ఇంకో పేరుంటుందని నాకు కాలేజీకి వెళ్ళేదాకా తెలీదు.

ఆకు గరుకు కాగితంలా ఉంటుంది. కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలు. పలకల అంచుల వెంట వెనక్కి వంగిన చిన్న ముళ్ళు. చెయ్యి లోపలికి పోతుంది గానీ బయటికి రావడం కష్టం. నా కుడి మోచేతి మీద సన్నటి తెల్లగీత ఇంకా ఉంది. ఆకు నలిపితే వచ్చే ఘాటు చాలామందికి కంపులా అనిపిస్తుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలితే సెలవులు గుర్తొస్తాయి. కాలవ నీటి చప్పుడూ, తడి ఇసకా, మధ్యాహ్నం పూట లాకు తలుపుల నీడా ఒక్కసారిగా ముందుకొస్తాయి.

మా తాతయ్య లస్కరు, అంటే కాలవనీ లాకునీ చూసుకునే ఉద్యోగి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక దాని కాలవలు మా వైపు పల్లెల్ని ఎలా మార్చాయో పెద్దవాళ్ళు కథలుగా చెప్పుకునేవారు. సామర్లకోట వైపు వచ్చే కాలవ మీద మా ఊరి దగ్గర ఒక లాకు ఉండేది. పడవ లోపలికి రాగానే వెనక తలుపు మూసి, ముందు తలుపుకి ఉన్న చిన్న కిటికీ ఎత్తి నీరు సమం చేసి, ఆనక తలుపు తెరవడం తాతయ్య పని. లాకు పక్కన దొరల కాలంలో కట్టిన పెంకుటి బంగళా. తనిఖీకి వచ్చే ఇంజనీర్లు ఒక రాత్రి ఉండి వెళ్ళేవారు. దానికి ఒకప్పుడు తోటమాలి ఉండేవాడట. ఆ ఉద్యోగం పోయాక ఎవరూ చెప్పకుండానే ఆ తోట తాతయ్య భుజాన పడింది.

ఆ తోటలో ఏమున్నాయో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. గేటు దగ్గర రెండువైపులా నూరువరహాలు. వరండా స్తంభానికి పాకిన కాగితం పూల తీగ. మెట్లకి అటూ ఇటూ తొట్లలో క్రోటన్లు. వెనక బావి దగ్గర దేవగన్నేరు. నాలుగు వైపులా మాత్రం తలంబ్రాల కంచె. తాతయ్య ఛాతీ ఎత్తున, గోడ కట్టినట్టు, పైన బల్ల పరిచినట్టు ఉండేది. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, ఎండాకాలంలో నెలకోసారి కత్తిరించేవాడు. కత్తెర కూడా దొరల కాలంనాటిదే. రెండు మూరల పొడుగు, పిడులు చెక్కవి. ఆ పిడులు అరిగిపోతే తుమ్మ కర్రతో కొత్తవి చెక్కించాడు. కాలవ మెట్ల రాయి మీద నూరుతూ కూర్చుంటే ఆ గరగర చప్పుడు మా ఇంటి దాకా వినిపించేది.

కంచె పని విషయంలో తాతయ్యకి ఒకటే నియమం. "పూసినన్నాళ్ళు పూయనియ్యి. కాయ నల్లబడక ముందే కొట్టెయ్యాలమ్మాయ్."

మాకు అదే కోపం. నల్లబడిన కాయలంటే మాకు ఇష్టం. మిరియాలంత కాయలు పండితే నీలం కలిసిన నలుపు, కొంచెం తియ్యన. తిన్నాక నాలిక ఊదారంగు. అమ్మమ్మ నాలిక చూపించమనేది, అప్పుడు దొరికిపోయేవాళ్ళం. పచ్చికాయ మాత్రం ఎంత ఆకలేసినా ముట్టకూడదని తాతయ్య గట్టిగా చెప్పాడు, మేమూ ముట్టలేదు. పచ్చికాయలు విషమని తర్వాత చదువుకున్నాను. మేం పండినవి తిని బతికాం గానీ, ఇవాళ ఏ పిల్లకీ అవి కూడా తినమని చెప్పను.

"ఎందుకు కొట్టెయ్యాలి తాతయ్యా?" అని ఒకసారి అడిగాను. కంచె మీద వాలిన పిగిలిపిట్టని చూపించాడు. "అది తిందనుకో, ఇంక మన చేతిలో ఉండదు."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు.

ఇంటర్లో బోటనీ తీసుకున్నాను. హెర్బేరియం కోసం పాతిక మొక్కలు ఎండబెట్టి అతికించాలి. తెలిసిన మొక్కే కదా అని మొట్టమొదట తలంబ్రాల కొమ్మే పట్టుకెళ్ళాను. మా మేడం చూసి, షీటు కింద లాంటానా కమారా అని రాయించి, "స్వస్థలం ఉష్ణమండల అమెరికా" అన్నారు. నేను నమ్మలేదు. మా బొమ్మల పెళ్ళిళ్ళ తలంబ్రాల చెట్టు మనది కాదా? మిరపకాయ మనది కాదని విన్నప్పుడు కూడా అంత బాధ కలగలేదు. ఆ రోజు మొదలైన కుతూహలం ముప్పై ఏళ్ళ పాటు అదే పాఠం పిల్లలకి చెప్పి రిటైరయ్యేదాకా, ఆ తర్వాత కూడా, నన్ను వదల్లేదు.

దాని ప్రయాణం ఇది. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం దీని పుట్టిల్లు. 17వ శతాబ్దంలో బ్రెజిల్ ఈశాన్య తీరం కొన్నేళ్ళు డచ్చివాళ్ళ చేతిలో ఉంది. మన పాత కాగితాల్లో ఒలందావాళ్ళంటారే, వాళ్ళే. ఆ రోజుల్లో అక్కణ్ణుంచి ఈ మొక్క హాలెండు తోటలకి చేరింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. లాంటానా అనేది నిజానికి యూరప్‌లోని వైబర్నం అనే వేరే పొదకి ఉన్న పాత పేరు. పూగుత్తులు ఒకేలా కనిపించాయని దీనికి పెట్టారు. పుట్టిల్లు వదిలి, కన్నవాళ్ళు పెట్టిన పేరూ వదిలి, అత్తారింటివాళ్ళు పెట్టిన పేరుతో బతికే ఆడపిల్లలు మా కాలంలో ఎందరో ఉండేవారు. ఆ సంగతి తెలిశాక ఈ మొక్క మీద నాకు ఇంకొంచెం ఆపేక్ష పెరిగింది.

చలికి తట్టుకోలేని మొక్క. అందుకని యూరప్‌లో గాజు గదుల్లో, లోపల వెచ్చదనం పెట్టి పెంచారు. అక్కడి తోటమాలులు ఊరుకోలేదు. తరాల తరబడి ఒకదానితో ఒకటి సంకరం చేసి తెలుపు, పసుపు, నారింజ, ముదురెరుపు, ఊదా అంటూ వందల రకాలు తయారుచేశారు. ఇక్కడ నేను ప్రతి ఏడూ పిల్లలకి నొక్కి చెప్పేదాన్ని. మన దేశానికి వచ్చింది అమెరికా అడవిలోని పొద కాదు. రకరకాల జాతులు కలిసి, మనిషి చేతిలో తీర్చిదిద్దుకున్న తోట మొక్క. చలికి వణికే దాన్ని తెచ్చి మన ఎండలో, మన మట్టిలో పెట్టారు. దానికి ఇంకేం కావాలి?

ఇక మా వైపు సంగతి. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. కాకినాడలోని జగన్నాథపురం ఒకప్పుడు డచ్చివాళ్ళ స్థావరం. లిన్నేయస్ దగ్గర చదువుకున్న యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు దక్షిణ భారతమంతా మొక్కలు వెతుకుతూ తిరిగి, 1785లో ఆ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. చివరి రోజుల్లో ఆయనకి వైద్యం చేసింది విలియం రాక్స్‌బర్గ్. ఈ రాక్స్‌బర్గ్ స్కాట్లండు మనిషి. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చాడు. 1781 నుంచి సామర్లకోటలో ఉండి అక్కడ కంపెనీ తరఫున తోట పెంచాడు. మిరియాలు, కాఫీ, చెరకు, నీలిమందు... ఏది ఇక్కడ పండుతుంది, ఏది లాభం అని పరీక్షలు చేశాడు. ఆ పక్కనే రోజూ వాన ఎంత పడిందో రాసుకున్నాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. అవే లండనులో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుంచి మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి. అందులో మన మోదుగ ఉంది. మన మొక్కలకి తెలుగు పేర్లు కూడా అడిగి రాసుకున్నవాడాయన.

మా లాకు నుంచి సామర్లకోట పడవలో పూట ప్రయాణం. భీమేశ్వరస్వామి గుడికి ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కలేదు. ఆ ఊళ్ళో రెండు వందల ఏళ్ళ క్రితం దేశంలోకెల్లా పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడు పన్నెండేళ్ళు మొక్కలు నాటుకుంటూ బతికాడని మాకు ఏ పాఠంలోనూ చెప్పలేదు.

1793లో రాక్స్‌బర్గ్‌ని కలకత్తా పంపారు. హుగ్లీ నది ఒడ్డున శిబ్‌పూర్‌లో 1787లో మొదలైన కంపెనీ బొటానికల్ గార్డెన్‌కి ఆయన్ని అధికారిని చేశారు. 1813 దాకా ఉన్నాడు. లాంటానా ఆ కలకత్తా తోటకి 1807 ప్రాంతంలో అలంకారపు మొక్కగా వచ్చింది. అంటే సామర్లకోటలో మోదుగ పేరు అడిగి తెలుసుకున్న మనిషి ఏలుబడిలోనే మా తలంబ్రాల చెట్టు ఈ దేశంలో కాలుపెట్టింది. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఉంటుంది. 1790 ప్రాంతపు కరువులో ఉత్తర సర్కారుల, అంటే మన కోస్తా జిల్లాల, జనం ఆకలితో చావడం కళ్ళారా చూసి, గట్లమీదా దారుల పక్కనా కొబ్బరీ పనసా అరటీ నాటించాలని కంపెనీకి రాసినవాడు. ఆయన మాట వినడానికి కంపెనీకి తీరిక లేదు. బంగళాల చుట్టూ పూలకంచె నాటించడానికి మాత్రం ఎప్పుడూ తీరిక ఉంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఆ శతాబ్దమంతా ఈ మొక్క కంటోన్మెంటు నుంచి కంటోన్మెంటుకీ, జిల్లా బంగళా నుంచి తాలూకా బంగళాకీ తిరిగింది. కలకత్తాలో ఒక్కసారి దిగి అక్కణ్ణుంచే పాకిందని అనుకోవద్దు, వేరువేరు చోట్ల వేరువేరుగా కూడా తెచ్చుకున్నారు. వాళ్ళ కోణంలోంచి చూస్తే ఇంతకంటే మంచి కంచె లేదు. కొమ్మ పాతితే బతుకుతుంది. నీళ్ళు అడగదు. పన్నెండు నెలలూ పూస్తుంది. మేకలు మూతి పెట్టవు. కాంపౌండుకి ఊరికీ మధ్య ఒక హద్దు కూడా అయింది. మా బంగళా కంచె కొమ్మల్ని రాజమండ్రి నుంచి ఎవరో దొరసాని పడవలో తెచ్చి నాటించిందని తాతయ్య తన ముందు పనిచేసిన లస్కరు దగ్గర విన్నాడట. ఆ దొరసాని ఏమైందో గానీ ఆమె కంచె మాత్రం మా అందరి పెళ్ళిళ్ళూ చూసింది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. పసుపు పూలు వేరు, ఎర్ర పూలు వేరు చేసేవాళ్ళమని అన్నాను కదా. అవి రెండు రకాల పూలు కావు. విచ్చుకున్న రోజు పువ్వు పసుపు. అందులో తేనె ఉంటుంది. పరాగసంపర్కం జరిగాక అదే పువ్వు నారింజకీ ఆపైన ఎరుపుకీ తిరుగుతుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై. మోహన్ రాం, గీతా మాథుర్ ఈ విషయం మీద పనిచేసి, రంగు మార్పుకి పరాగసంపర్కమే ప్రేరణ అని 1984లో ప్రచురించారు. ఆ పుప్పొడి మోసే పని తామర పురుగులంత చిన్న కీటకాలు కూడా చేస్తాయని అంతకుముందే చూపించారు. సీతాకోకచిలుకలకి ఇది గుర్తు. పసుపు మీద వాలితే తేనె, ఎరుపు మీద వాలితే శ్రమ దండగ. ఎరుపు పూలు రాలిపోకుండా అలాగే ఉండి దూరం నుంచి గుత్తికి నిండుదనం ఇస్తాయి. ఈ పేపరు చదివిన రోజు నేను స్టాఫ్ రూములో కూర్చుని నవ్వాపుకోలేకపోయాను, ఆ తర్వాత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా పెద్దమ్మ కూతురికి వెంటనే ఉత్తరం రాశాను. "మనం ఏరింది పెళ్ళికాని పూలూ పెళ్ళయిన పూలూనే" అని.

మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మలయాళీ మేడం ఒకావిడ ఉండేది. వాళ్ళ ఊళ్ళో దీన్ని అరిప్పూ అంటారట. అరి అంటే బియ్యం. ఎక్కడి త్రిశ్శూరు, ఎక్కడి గోదావరి? చిన్నపిల్లల కళ్ళకి రెండు చోట్లా బియ్యమే కనిపించింది. రాయలసీమ వైపు మా వియ్యపురాలు మాత్రం పులికంప అంటుంది. అది చెట్టు కాదు, కంప. ఆవిడకి దాని పూలు ఎప్పుడూ ముద్దొచ్చి ఉండవు, దున్నే చేలోకి దూరిన ముళ్ళకంపగానే తెలుసు.

ఆవిడదీ తప్పు కాదు. కంచే చేను మేసింది. ఈ సామెత ఇంత అక్షరాలా నిజమైన చోటు ఇంకొకటి నాకు తెలీదు. బంగళా కంచె మీది పండుని పిట్ట తిన్నది, పొలం గట్టు మీద రెట్ట వేసింది. అక్కణ్ణుంచి బీడుకి, బీడు నుంచి అడవికి. కూర్గు కాఫీతోటల చుట్టూ, నీలగిరుల్లో, మైసూరు అడవుల్లో 19వ శతాబ్దం ముగిసేసరికే ఇది మనిషి మాట వినడం మానేసింది. వై. రామచంద్రరావు అనే కీటకశాస్త్రజ్ఞుడు 1916 నుంచి 1919 దాకా దేశమంతా, బర్మాతో సహా, తిరిగి దీన్ని తినే పురుగులు ఏమేమున్నాయో వెతికి 1920లో ప్రచురించాడు. చెట్టుని తినడానికి పురుగు కావలసివచ్చింది మరి. అప్పటికే హవాయి దీవుల్లో ఇదే తంతు. 1858లో హిల్లెబ్రాండ్ అనే డాక్టరు తన తోట కోసం తెచ్చుకున్న లాంటానా దీవులంతా కమ్మేస్తే, 1902లో ఆల్బర్ట్ కోబెలె అనే ఆయన్ని దాని శత్రువుల్ని పట్టుకురమ్మని మెక్సికో పంపారు. ఆయన పంపిన వాటిలో కాయని తొలిచే చిన్న ఈగ ఒకటి 1921లో మన దేశానికీ వచ్చింది.

1941లో జరిగింది ఇంకా విచిత్రం. ఆకుల రసం పీల్చే జల్లెడ రెక్కల నల్లి ఒకదాన్ని ఆస్ట్రేలియా నుంచి డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థకి తెప్పించారు. విడిగా పెట్టి పరీక్షిస్తే అది టేకు పువ్వుని కూడా తినగలదని తేలింది. టేకంటే అడవి శాఖకి బంగారం. వెంటనే ఆ పురుగుల్ని నాశనం చేశారు. అయినా కొన్ని తప్పించుకుని బయటపడ్డాయి, దేశమంతా పాకాయి. టేకుకి పెద్ద ముప్పేమీ రాలేదు, లాంటానాకీ రాలేదు. ఇప్పటికీ వేసవిలో మా గట్టు మీది ఆకుల మీద తెల్లటి చుక్కలు చూసినప్పుడల్లా, ఇవి ఆ పారిపోయిన వాటి మునిమనవలే కదా అనుకుంటాను.

తాతయ్య 1976లో రిటైరయ్యాడు. అయినా 1981 దాకా కత్తెర వదల్లేదు. లారీలు వచ్చాక పడవలు తగ్గాయి, ఆ తర్వాత లాకుతో పనే లేకుండా పోయింది. బంగళాకి తాళం పడింది. 1983లో తాతయ్య పోయాడు. ఆ ఏడు నేను ఉద్యోగంలో చేరి దూరంగా ఉన్నాను. మళ్ళీ ఆ గట్టు మీదికి వెళ్ళేసరికి నాలుగేళ్ళు గడిచాయి.

నేను బంగళా గుర్తుపట్టలేకపోయాను. గోడలా ఉండే కంచె పెంకుల దాకా లేచింది. వరండా మెట్లు కనపడవు. కిటికీ ఊచల్లోంచి కొమ్మలు లోపలికి వెళ్ళి, అటు తలుపు సందులోంచి బయటికొచ్చాయి. నూరువరహాలు, క్రోటన్లు ఎక్కడా లేవు. దేవగన్నేరు ఒక్కటి ఆ పొదల మీదుగా తల ఎత్తి ఊపిరి పీల్చుకుంటున్నట్టుంది. కాలవ గట్టు వెంట కనుచూపు మేర తలంబ్రాలే. గుత్తులన్నీ పూశాయి, అందంగానే ఉన్నాయి. ప్రతి గుత్తి కిందా నల్లటి కాయలు. అప్పుడు తాతయ్య మాట అర్థమైంది. ఆయన పదిహేను రోజులకోసారి చేసింది అందం కోసం కత్తిరింపు అనుకున్నాను. కాదు. ఆ మొక్కని తోట మొక్కగా నిలబెట్టింది నేలా కాదు, నీళ్ళూ కాదు. ఆ రెండు మూరల కత్తెర. అది ఆగిన రోజే కంచె కాస్తా కంప అయింది.

ఆ తర్వాతి కరువు ఏడు పక్కింటివాళ్ళ దూడ మేత లేక ఆ ఆకు తిన్నది. మూడో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి. ఎండలోకి వస్తే ముట్టె మీది చర్మం ఎర్రబడి పగిలేది. ఆకులో ఉండే లాంటాడీన్‌లనే విషాలు కాలేయాన్ని దెబ్బతీస్తాయనీ, దాంతో ఎండ తగిలిన చోట చర్మం కాలినట్టవుతుందనీ నేను పాఠంలో చెబుతూనే ఉన్నాను. ఆ దూడని చీకటి కొట్టంలో కట్టేసి వారం రోజులు కాపాడారు గానీ బతకలేదు. ఆ ఇంటి పెద్దాయన నాతో ఒక్క మాటా అనలేదు. మా తాతయ్య పెంచిన కంచె అని ఊళ్ళో అందరికీ తెలుసు.

రిటైరయ్యాక కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండలకి వెళ్ళాను. పులికంపలోంచి దారి కొట్టుకుంటూ నడిచాం. అక్కడి సోలిగ ఆదివాసీ పెద్దలు చెప్పేది వినాలి. పూర్వం ఏటా ఎండాకులు రాలిన కాలంలో నేల మీద చిన్న మంట పెట్టేవారు. వాళ్ళ భాషలో తరగు బెంకి. ఆ మంట పెద్ద చెట్లని ఏమీ చెయ్యదు, చిన్న కంపని పైకి రానివ్వదు. 1974లో అది అభయారణ్యం అయ్యాక మంట నిషేధం. అప్పట్నుంచీ కంప రాజ్యమే అని వాళ్ళ మాట. వింటుంటే నాకు తాతయ్యే కనిపించాడు. అడవికీ ఒక కత్తెర ఉండేది, దాన్ని లాక్కున్నారు. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశపు పులుల అడవుల్లో 40 శాతానికి పైగా ఈ మొక్క పరుచుకుంది. కింద గడ్డి మొలవనివ్వదు. గడ్డి లేకపోతే జింకకి మేత ఏది?

ఆ కొండల వైపు మనుషులు చేతులు ముడుచుకు కూర్చోలేదు. మలె మహదేశ్వర కొండల్లో వెదురు దొరకనివాళ్ళు లాంటానా కాడలు ఉడకబెట్టి, తొక్క తీసి బుట్టలూ కుర్చీలూ అల్లడం నేర్చుకున్నారు. నీలగిరుల్లోని గూడలూరు దగ్గర ఆదివాసీ కళాకారులు ఆ కాడలతోనే నిలువెత్తు ఏనుగుల్ని చేశారు. 2021 వేసవిలో ఆ ఏనుగుల మంద లండనులో సెయింట్ జేమ్స్ పార్కులో, గ్రీన్ పార్కులో నిలబడింది. అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు ఒక గున్న ఏనుగు పక్కన నిలబడి ఫోటో పంపింది. "అత్తా, ఇది నీ తలంబ్రాల చెట్టే" అని కింద రాసింది. ఆ ఫోటో పెద్దది చేసి, ఏనుగు కాలి దగ్గర కాడల అల్లిక ఎంతసేపు చూశానో.

ఢిల్లీలో శాస్త్రజ్ఞుడు సి.ఆర్. బాబు గారి బృందం కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. కంపని పైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది, తగలబెట్టినా అంతే. మా నాన్న మూడుసార్లు తగలబెట్టి చూశాడు. అలా కాకుండా మొదలు దగ్గర మట్టి తీసి, నేలకి కొద్ది అంగుళాల లోపల తల్లివేరుని నరకాలి. చిగుళ్ళు పుట్టే చోటు ఆ పైభాగంలోనే ఉంటుంది. తర్వాత పొదని తలకిందులుగా, వేళ్ళు ఆకాశంలోకి వచ్చేలా తిప్పి ఎండబెట్టాలి. ఖాళీ అయిన నేలలో వెంటనే గడ్డి వెయ్యాలి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మొదలుపెట్టాను. తమ్ముడూ, వాడి కొడుకులూ, ఒక గునపం, రెండు గొడ్డళ్ళు. నాలుగు రోజుల్లో బంగళా ముందరి వైపు మాత్రం అయింది. మెట్లు బయటపడ్డాయి, ఐదు. నేను మూడనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ. గట్టు పొడవునా చెయ్యడం మా వల్ల అయ్యే పని కాదని తెలుసు. అయినంత చేస్తాం, వచ్చే సెలవులకి ఇంకొంచెం.

గేటు పక్కన ఒక్క మొక్క మాత్రం ఉంచమన్నాను. తమ్ముడి మనవరాలికి ఐదేళ్ళు. తాటాకు బొమ్మలు చెయ్యడం నాకు అమ్మమ్మ అంత బాగా రాదు, పెళ్ళికొడుకు కొంచెం వంకరగా వచ్చాడు. తలంబ్రాలకి ఆ పిల్లే వెళ్ళి పూలు దూసుకొచ్చింది. పసుపూ ఎరుపూ వేరు చెయ్యమని నేను చెప్పలేదు, తనే వేరు చేసింది.

అటక మీది కత్తెర దింపించాను. తుప్పు వదలడానికి కిరసనాయిలు పట్టించి, కాలవ మెట్ల రాయి మీదే నూరాను. తుమ్మ పిడులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆ ఒక్క మొక్కనీ నా నడుము ఎత్తుకి తెచ్చాను. వెళ్ళే ముందు తమ్ముడికి అప్పగించి, పదిహేను రోజుల లెక్క గోడ మీద కేలెండర్లో గుర్తు పెట్టాను. నిన్న ఫోన్ చేస్తే కాయలు దిగాయన్నాడు. ఇంకా పచ్చిగానే ఉన్నాయట. రేపు పొద్దున్నే కొట్టెయ్యమన్నాను.